చెప్పకూడని చోటు

యాభై నాలుగు నిమిషాలు. మణికట్టు మీది చిన్న తెర అదే చెబుతోంది. ఇంకా యాభై నాలుగు నిమిషాలు ఈ ఇనపకడ్డీ పట్టుకుని ఆరు మీటర్ల లోతులో వేలాడాలి. తలెత్తితే మా పడవ అడుగు కనిపిస్తోంది, పాచి పట్టిన పచ్చటి పొట్ట, నాలుగుసార్లు కాళ్ళు ఆడిస్తే చేరిపోయేంత దగ్గర, కానీ చేరకూడదు, చేరితే తొంభై నాలుగు మీటర్ల అడుగున నా నెత్తురు తాగిన గాలంతా మూత తీసిన సోడాలా పొంగుతుంది, కాళ్ళు పడిపోతాయి, లేదంటే ప్రాణమే పోతుంది, పగడం కొట్టేవాళ్ళ ఇళ్ళలో పాలుతాగే పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. నా నడుముకి కట్టిన వల సంచిలో నాన్న పికాసు ఉంది. ఉందా? తడిమాను. ఉంది. తుప్పు పట్టి, సున్నపు పొర కట్టి సగం రాయైపోయింది, కానీ పిడికి చుట్టిన సైకిలు ట్యూబు రబ్బరు అలాగే ఉంది, మొన ఎడమవైపుకి వంగి ఉంది. ఆల్గేరో ఊరు మొత్తంలో పగడం కొట్టేవాళ్ళలో ఎడమచేతివాటం మనిషి ఒక్కడే, బకీజియో, మా నాన్న. లారీ కమాను పట్టీ ముక్కని తనే కాల్చి తన చేతికి తగ్గట్టు వంచుకున్నాడు. ఇంకెవరి చేతిలోనూ అది ఇమడదు. నాన్నతో కలిసి పగడం కొట్టే ప్రోతో బాబాయి ఒకసారి దాన్ని ఎత్తి చూసి, ఇది కూడా నీ మాటలాగే వంకర బకీజియో అని నవ్వాడు. నాన్న పద్నాలుగేళ్ళ కిందట సముద్రంలో పోయాడు. పోయింది ఇక్కడ కాదు. ఇక్కడికి ఆరు మైళ్ళ అవతల, కేప్ కొండ కింద, సన్యాసి ముక్కు అని పిలిచే గోడ దగ్గర. ఊరందరికీ తెలుసు, చర్చిలో గోడకి వేసిన రాతిపలక మీద కూడా అదే చెక్కి ఉంది. మరి ఈ పికాసు ఈ మిట్ట మీద ఏం చేస్తోంది? ఆరు మైళ్ళు పాక్కుంటూ వచ్చిందా?

వద్దన్నాడు. పొద్దున్న ప్రోతో బాబాయి వద్దంటే వద్దన్నాడు. లోతు చూపించే యంత్రం మీద అడుగు ఉన్నట్టుండి ఎత్తుగా లేచింది, పెద్ద మిట్ట, చుట్టూ నూట ఇరవై, పైన ఎనభై ఎనిమిది, పగడం మొలవడానికి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా, ఆపు ఆపు అన్నాను. ఆయన చుక్కాని వదలకుండా, అక్కడ ఒట్టి ఇసకే, పైగా వాయవ్యపు గాలి లేస్తోంది, నీటి ఈడ్పు చూశావా, పద ఇంటికి అన్నాడు. పద్నాలుగేళ్ళలో ఈ దారిన వెళ్ళినప్పుడల్లా ఆయన ఇలాగే దూరంగా చుట్టు తిరిగి పోతాడని, ఇవాళ గాలికి తొందరపడి దగ్గరగా వచ్చేశాడని నాకు అప్పుడు తట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. నా నోరు మంచిది కాదు, మా అమ్మ ఎప్పుడూ అంటుంది. నీకు కాలుతో పాటు గుండె కూడా కుంటిదయిందా బాబాయ్ అనేశాను. ఆయన చుక్కాని వదిలి ఇంజను ఆపాడు. సరే పో, పదిహేను నిమిషాలు, పదహారోది నాకు అక్కర్లేదు అన్నాడు. సిలిండర్లు నా వీపుకి ఎత్తి కట్టేటప్పుడు ఆయన చేతులు వణికాయి. ముసలితనం అనుకున్నాను.

ముసలితనం కాదు. దిగుతున్నంతసేపూ ఈడ్పు నన్ను తాడు మీద జెండాలా అడ్డంగా నిలబెట్టింది, రెండు చేతులూ వదలకుండా తాడు మింగుతున్నట్టు దిగాను, యాభై దగ్గర నీళ్ళు చల్లబడ్డాయి, డెబ్భై దగ్గర చీకటి పడింది, ఆ తర్వాత నా దీపం వెలుగే లోకం. మిట్ట అంచు కింద రాయి ముందుకు పొడుచుకొచ్చి ఒక చూరు. ఆ చూరు కింద పగడం, ఎంత పగడం, తలకిందులుగా వేలాడుతూ, మొగ్గలన్నీ విచ్చుకుని తెల్లగా, నా జీవితంలో ఇంత చూడలేదు. సంతోషంతో నోట్లో ఉన్న ఊపిరి రబ్బరు కొరికాను. కొట్టడం మొదలుపెట్టానా? పెట్టాను, రెండు దెబ్బలు కొట్టాను కూడా. అప్పుడు దీపం పక్కకి తిరిగింది. పాత వల. చేపల పెద్దవల ఎప్పుడో తెగిపోయి చూరుకి చిక్కుకుని తెరలా వేలాడుతోంది. దాని వెనక జంట సిలిండర్లు. వాటి మెడకి తెల్లరంగు పట్టీ, చేతితో వేసింది, ఒకచోట కారిన రంగు. ఆ కారిన రంగు నాకు తెలుసు. అది నేను వేశాను. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, చాలా రంగు ముంచావు పిచ్చిదానా అని నాన్న తిట్టాడు. సిలిండర్ల మీద చిటికెనవేలి గోరంత పగడాలు మొలిచి ఉన్నాయి. వాటి కింద నల్లటి రబ్బరు సూటు, చదునుగా, ఒండ్రు నిండి. దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి నా చెయ్యి వెళ్ళింది, నేనే లాక్కున్నాను. ఒక్క నిమిషం నేను ఊపిరి తీశానో లేదో కూడా తెలియదు. తర్వాత రాళ్ళ మధ్య పికాసు కనిపించింది, తీశాను, తెర మీద అంకెలు ఎర్రగా కొట్టుకుంటున్నాయి, పైకి బయలుదేరాను, ఒక్కో మజిలీ దగ్గర ఆగాను, ఎక్కడెక్కడ ఆగానో గుర్తులేదు, చేతులే నన్ను ఆపాయి, నా బుర్ర అడుగునే ఉండిపోయింది.

యాభై నిమిషాలు. నా నోట్లోకి వచ్చే ఊపిరి పైనుంచి గొట్టంలో వస్తోంది. పడవలో ఆక్సిజన్ సీసా, దాని చక్రం మీద ప్రోతో బాబాయి చెయ్యి. ఆ చెయ్యి చక్రం ఇటు తిప్పితే నాకు ఊపిరి, అటు తిప్పితే లేదు. ఈ ఆలోచన ఇప్పుడే వచ్చింది, ఇన్నేళ్ళుగా ఒక్కసారీ రాలేదు. పద్నాలుగేళ్ళ కిందట ఇదే పడవలో నాన్నతో ఉన్నది ప్రోతో ఒక్కడే. నాన్న దిగాడు, రాలేదు. ప్రోతో వెతకడానికి దిగి, ఆగాల్సిన చోట్ల ఆగకుండా పైకి వచ్చి, కాలు చచ్చుబడి కుంటివాడయ్యాడు. రేడియోలో పిలిచింది తనే. సన్యాసి ముక్కు దగ్గర అని చెప్పింది తనే. హెలికాప్టర్ వెళ్ళేసరికి పడవ సన్యాసి ముక్కు దగ్గరే ఉంది, ప్రోతో అందులో వెల్లకిలా పడి ఉన్నాడు. తొమ్మిది రోజులు వెతికారు. ఊళ్ళో ఉన్న పడవలన్నీ వెళ్ళాయి, దిగగలిగిన ప్రతివాడూ దిగాడు, నేనూ దిగాను, గోడ మొత్తం అడుగడుగునా తడిమాం, ఒక్క చెప్పు కూడా దొరకలేదు, ఈడ్పు పట్టుకుపోయి ఉంటుందన్నారు. ఈడ్పు. నాన్న ఇక్కడ వలలో ఉన్నాడు. మేం అక్కడ వెతుకుతున్నాం. వాడికి తెలుసు.

వాడు. ప్రోతో బాబాయిని వాడు అన్నాను. నా లోపలే అయినా ఆ మాట పళ్ళ కింద రాయిలా తగిలింది. నన్ను భుజాల మీద మోసిన మనిషి. అయినా వాడే. వాడికి తెలుసు. కడ్డీకి కట్టిన పలక తీశాను, చలికి వేళ్ళు ముడుచుకుపోయి అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి. నాన్న ఇక్కడున్నాడు. అంతే రాశాను. పలకని పడవ దాకా ఉన్న దారానికి తగిలించి రెండుసార్లు లాగాను. అది పైకి వెళ్ళింది, ఊగుతూ, తిరుగుతూ, నీటి మీది వెలుగులోకి. ఎదురుచూశాను. గొట్టంలో ఊపిరి ఆగుతుందేమో అని చూశాను, దేవుడా, నిజంగానే చూశాను, వీపు మీది సిలిండర్ల రబ్బరు ఎడమచేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఊపిరి ఆగలేదు. ఎంతసేపటికో పలక దిగింది. నా అక్షరాలు తుడిచేసి ఉన్నాయి. వాటి చోట ప్రోతో రాత, స్కూలుకెళ్ళని మనిషి పెద్ద పెద్ద అక్షరాలు.

"ఇంకా నలభై మూడు. కదలకు."

అంతేనా? పద్నాలుగేళ్ళ తర్వాత నేను నా తండ్రిని కనుక్కుని చెబితే నాకు టైము చెబుతాడా? నాకు అరవాలనిపించింది, నీళ్ళలో అరిస్తే బుడగలు తప్ప ఏమొస్తాయి, బుడగలే వచ్చాయి, పైన చూసే ఉంటాడు. అలలు పెరిగాయి. వాయవ్యపు గాలి అన్నాడు, నిజమే, పడవ పొట్ట ఎత్తుకి లేచి దభీమని పడుతోంది, దానితో పాటు తాడు, తాడుతో పాటు కడ్డీ, కడ్డీతో పాటు నేను, ఆరు నుంచి నాలుగుకి, నాలుగు నుంచి ఎనిమిదికి, చెవులు పోటెత్తుతున్నాయి, మోచేతుల కీళ్ళలో సన్నటి సలుపు, అది చలా లేక బుడగలా తెలియదు. ఒక్కో అల నన్ను ఎత్తినప్పుడు, వదిలెయ్, ఇలాగే పైకి పో, వాడి పీక పట్టుకో అంటోంది ఒంట్లో ఏదో. వదిలితే ఎంత సేపు, పది లెక్కపెట్టేలోపు. ఆ తర్వాత నా కాళ్ళు పనిచేయవు, అయినా పీక పట్టుకోవడానికి కాళ్ళెందుకు. కడ్డీకి నడుము పట్టీ కొక్కెం తగిలించుకున్నాను. నన్ను నేనే కట్టేసుకున్నాను, గొడ్డుని కట్టేసినట్టు.

ఎందుకు చెప్పాడు అబద్ధం? మావాళ్ళు అబద్ధాలు చెబుతారు, అది వేరు. పెదవి దాటితే పృథివి దాటుతుంది, పగడపు చోటు విషయంలో ఇది వేదవాక్కు. మంచి మిట్ట దొరికినవాడు దాన్ని కట్టుకున్న పెళ్ళానికి చెప్పడు, చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా చెప్పడు. ప్రతి పడవకీ ఒక అబద్ధం చోటు ఉంటుంది, ఇంటిపేరులాగే, తండ్రి నుంచి బిడ్డకి వస్తుంది. మా పడవది సన్యాసి ముక్కు. రేవు దగ్గర కాఫీ కొట్లో ఎవరైనా, ఏం బకీజియో ఇవాళ ఎక్కడ అంటే, సన్యాసి ముక్కు అనేవాడు నాన్న, మొహం కూడా కదలకుండా. సన్యాసికి ముక్కు అరిగిపోయి ఉంటుందిరా, ఇరవై ఏళ్ళ నుంచి గిల్లుతున్నావు అని వాళ్ళు నవ్వేవాళ్ళు. అది అబద్ధమని అందరికీ తెలుసు, కాబట్టి అందులో పాపం లేదు. నాకు ఆరేళ్ళప్పుడు బళ్ళో పంతులమ్మ, మీ నాన్న ఎక్కడ పనిచేస్తాడమ్మా అంటే ఠక్కున సన్యాసి ముక్కు అన్నాను, నాన్న ఆ సాయంత్రం నన్ను భుజం మీద ఎక్కించుకుని రేవంతా తిప్పాడు. నేను సముద్రంలోకి దిగే పనిలో చేరిన రోజున కూడా మొదట నేర్పింది ఊపిరి గురించి కాదు. ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా, నిద్రలో లేపి అడిగినా, ఏం చెబుతావ్ ఓకా అనేవాడు. నా పేరు అంతియోకా, ఆయనకి నేను ఓకా. సన్యాసి ముక్కు నాన్నా. మళ్ళీ చెప్పు. సన్యాసి ముక్కు. కానీ అది కాఫీ కొట్లో చెప్పే మాట. మనిషి ప్రాణం పోతున్నప్పుడు రేడియోలో చెప్పే మాట కాదు. అందుకే ప్రోతో ఆ మాట చెప్పినప్పుడు ఎవరూ అనుమానించలేదు. ఆ రోజు నిజంగానే అక్కడికి వెళ్ళి ఉంటారు పాపం అనుకున్నారు. ముసలి కాఫీ కొట్టాయన ఒక్కడే, నిజంగా అక్కడేనా ప్రోతో అని అడిగాడట, ఆసుపత్రి మంచం దగ్గరికి వెళ్ళి. అక్కడే అన్నాడట ప్రోతో, గోడ వైపు తిరిగి.

పగడం కోసమా? ఈ చూరు కింద ఉన్న పగడం తనకే మిగలాలనా? కానీ పద్నాలుగేళ్ళలో ఒక్క కొమ్మ తీయలేదు, తీసి ఉంటే నాకు తెలిసేది, ఆయన దిగలేడు, దిగేదాన్ని నేనొక్కదాన్నే, నన్ను ఇటువైపు రానివ్వలేదు. మరి? చంపాడా? అనుకున్నాను, ఈ మాట కూడా అనుకున్నాను, ముప్పై ఆరు నిమిషాలు మిగిలి ఉండగా నేను ప్రోతో మా నాన్నని చంపాడని అనుకున్నాను, దానికి కారణం వెతికాను, అమ్మ అందంగా ఉండేది, అదా, ఛీ, నా బుద్ధికి చెదలు పట్ట. అమ్మ. ప్రతి అక్టోబరులో అమ్మ ఈ పడవ ఎక్కుతుంది. పడవ ఎక్కితే కడుపు తిప్పుతుంది ఆమెకి, రేవు దాటకముందే నిమ్మకాయ వాసన చూడడం మొదలుపెడుతుంది, అయినా ఎక్కుతుంది, ఒళ్ళో తెల్లపూల దండ, మధ్యలో ఇంటి గుమ్మం దగ్గరి రోజ్‌మేరీ కొమ్మలు. సన్యాసి ముక్కు కింద ప్రోతో ఇంజను ఆపుతాడు, టోపీ తీస్తాడు. అమ్మ పూలు నీళ్ళలో వదిలి, నాన్నతో మాట్లాడుతుంది, పైకే, మామూలుగా, కిటికీ తలుపు విరిగింది బకీజియో, నీ చెల్లెలు ఇంకా మాట్లాడడం లేదు అంటూ. పద్నాలుగుసార్లు. ఒట్టి నీళ్ళతో మాట్లాడింది మా అమ్మ. పక్కన టోపీ తీసి నిలబడ్డవాడికి తెలుసు అవి ఒట్టి నీళ్ళని. ఈ ఒక్కటి నేను క్షమించను. నాన్నని చంపినా క్షమిస్తానేమో, దీన్ని క్షమించను.

ఇరవై తొమ్మిది. చలికి దవడ రాయైంది. నోట్లో రబ్బరు ఉందో లేదో నాలుకతో చూసుకోవాల్సి వస్తోంది. కళ్ళు మూస్తే వల కనిపిస్తోంది, తెరిచినా వలే. వల మధ్యలో ఒక చీలిక. అవును, చీలిక ఉంది. దీపం దాని మీద పడింది, అప్పుడు పట్టించుకోలేదు, ఇప్పుడు కనిపిస్తోంది, నా జానెడు కంటే పెద్దది, నిలువుగా, కత్తితో కోసింది. నైలాను తాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి, పైనుంచి కిందికి, బయటి వైపు నుంచి. నాన్న లోపల ఉన్నాడు. లోపలున్నవాడు కోస్తే పోగులు బయటికి తిరుగుతాయి, ఇవి లోపలికి తిరిగి ఉన్నాయి. తిరిగి ఉన్నాయా? నేను చూశానా, లేక ఇక్కడ చలిలో కల్పించుకుంటున్నానా? చూశాను. ఆ కోత వల అడుగుదాకా రాలేదు, ఇంకో జానెడు ఉండగా ఆగిపోయింది. ఎవరో బయట నిలబడి కోశారు. తొంభై నాలుగు మీటర్ల అడుగున, ఆ రోజుల్లో అందరూ మామూలు గాలి నింపుకునే దిగేవాళ్ళు, ఆ లోతులో మామూలు గాలి తాగిన సారాలా నెత్తికెక్కుతుంది, చేతిలో ఉన్నది కత్తో చెంచానో తెలియదు, ఆ స్థితిలో ఒకడు నిలబడి ఒక్కో తాడూ కోశాడు, గాలి అయిపోయేదాకా కోశాడు, జానెడు మిగిలిపోయింది. కాలు నిజమే. దిగింది నిజమే. చోటు ఒక్కటే అబద్ధం. మరి ఆ జానెడు మిగిలినప్పుడు వలకి అటువైపు నాన్న ఎలా ఉన్నాడు? ఈ ప్రశ్న రాగానే నా కడుపులో ఉన్నదంతా పైకి వచ్చింది, రబ్బరు తీసి నీళ్ళలో కక్కి మళ్ళీ పెట్టుకున్నాను, పొద్దున్న తిన్న రొట్టె, చిన్న చేపలు వచ్చి తిన్నాయి. పలక తీశాను. రాయడానికి చాలాసేపు పట్టింది. నువ్వు కోసేటప్పుడు నాన్న బతికి ఉన్నాడా. రెండుసార్లు లాగాను.

ఈసారీ పలక వెంటనే దిగలేదు. పడవ పొట్ట లేస్తోంది, పడుతోంది. పైన ఆయన ఎలా ఉన్నాడో నాకు కనిపించదు, అయినా నాకు తెలుసు, కుంటికాలు చాపి పడవ అంచుకి ఆనుకుని, ఒక చెయ్యి చక్రం మీద, ఆ చెయ్యి తీయడు, పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ తీయలేదు, ఒకసారి కందిరీగ కుట్టినా తీయలేదు. నాన్న పోయాక కూడా నేను ఈ పని మాననంటే అమ్మ గుండెలు బాదుకుంది, ప్రోతోనే చెప్పాడు అమ్మకి, గ్రాజియెట్టా, నేను పైన ఉన్నంతకాలం దీనికేం కాదు అని. కాలేదు. నాకు జ్వరమొస్తే పడవ కదలనిచ్చేవాడు కాదు, నాకు ఒక్క నిమిషం ఆలస్యమైతే పైకి వచ్చాక బూతులు తిట్టేవాడు, తిట్టి వేడి కాఫీ చేతిలో పెట్టేవాడు. అదంతా ప్రేమ అనుకున్నాను. అది అప్పు తీర్చడమా? ప్రేమా అప్పూ రెండూ ఒకే చేత్తో చేయొచ్చా? ఏమో, నా తల పగిలిపోతోంది. ఆయన అనాలో వాడు అనాలో కూడా తేలడం లేదు. పలక దిగింది.

"లేడు. వల సందులోంచి చెయ్యి పట్టుకుని చూశా. ఇంకా పదిహేడు. ఏడవకు, ముసుగులోకి నీళ్ళొస్తాయి."

ఏడ్చాను. ముసుగులోకి నీళ్ళు వచ్చాయి. తల వెనక్కి వంచి ముక్కుతో ఊది బయటికి పంపాను, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పంపాను. పదిహేడు నిమిషాలూ అదే పని. ఇంకేం ఆలోచించలేదు, ఆలోచించడానికి మిగిలింది ఒక్కటే ప్రశ్న, దానికి పలక మీద చోటు చాలదు. చనిపోయిన మనిషికి కూడా ఎందుకు చోటు మార్చావు? అది మొహం మీదే అడగాలి. సున్నా పడగానే కొక్కెం తీశాను. అయినా తొందరపడలేదు, మీటరుకి ఒక నిమిషం చొప్పున, ఆయన నేర్పినట్టే వెళ్ళాను.

తల బయట పెట్టగానే అల చెంప మీద కొట్టింది. లోకమంతా తెల్లటి నురగ, ఆకాశం శుభ్రంగా నీలంగా ఉంది, వాయవ్యపు గాలికి ఎప్పుడూ అంతే, మబ్బు ముక్క లేకుండా చంపుతుంది. ప్రోతో నిచ్చెన పట్టుకుని వంగి ఉన్నాడు. నన్ను సిలిండర్లతో సహా లాగాడు, డెబ్భై ఏళ్ళ మనిషికి ఎక్కడినుంచి వచ్చిందో బలం. పడవలో మోకాళ్ళ మీద పడ్డాను. కాళ్ళు కదిపి చూపించు అన్నాడు, కదిపాను. వేళ్ళు అన్నాడు, కదిపాను. ఆ తర్వాత ఆయన నా మొహం చూడలేదు. నేను సంచి విప్పి పికాసు తీసి పడవ నేల మీద పెట్టాను. ఆయన దాని వంక చూశాడు, దాన్ని తాకడానికి వంగి, తాకలేదు. నేను నోరు తెరిచాను. దవడ చలికి బిగుసుకుపోయి మాట రాలేదు. ఆ క్షణంలోనే రేడియో అరిచింది. హార్బర్ ఆఫీసు, ఎవరో అమ్మాయి గొంతు, గాలి నలభై నాట్ల వేగం దాటుతోందట, బయటున్న చిన్న పడవలన్నీ ఎక్కడున్నాయో చెప్పమంటోంది, మా పడవ పేరు పిలుస్తోంది, రెండోసారి పిలుస్తోంది. లంగరు తాడు జారిపోతుంటే ప్రోతో రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. కళ్ళతో నాకు రేడియో చూపించాడు. చేతికందింది, తీశాను, మీట నొక్కాను. మీరు ఎక్కడున్నారు అంది అమ్మాయి.

"సన్యాసి ముక్కు కింద, గోడ దగ్గర. ఇద్దరం క్షేమం."

మీట వదిలాను. అప్పుడు విన్నాను నేను అన్నది. నా నోరు. నేను అడగలేదు దాన్ని, అది నన్ను అడగలేదు, దవడ బిగుసుకుపోయి తండ్రి గురించి ఒక్క ముక్క పలకలేకపోయిన నోరు ఇది మాత్రం గడగడా పలికింది, మొహం కూడా కదలకుండా. కింద తొంభై నాలుగు మీటర్ల అడుగున నాన్న. పైన గాలి మమ్మల్ని తిరగేస్తే వాళ్ళు వచ్చి ఆరు మైళ్ళ అవతల వెతుకుతారు.  ప్రోతో తాడు కొయ్యకి చుట్టి ముడివేసి, నెమ్మదిగా, కుంటికాలు మడవలేక చాపి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు నాకూ ఇలాగే వచ్చిందమ్మా" అన్నాడు. "కాళ్ళు రెండూ మొద్దుబారి పడున్నా. ఎక్కడున్నావు అన్నాడు రేడియోలో వాడు. మీ నాన్న నాకూ అదే నేర్పాడుగా, నిద్రలో లేపినా అని. అనేశాక విన్నా నేనన్నది. సరిచేసి చెబుదామనుకున్నా, అప్పటికే హెలికాప్టర్ అటు బయలుదేరిందన్నారు. బకీజియో ఎలాగూ లేడు, ఆ సంగతి నా చేతికి తెలుసు. ఇప్పుడు వేరే చోటు చెబితే, ముందెందుకు అబద్ధమాడావంటారు, నేనే చంపాననుకుంటారు అని భయమేసింది. నోరు ముందు వెళ్ళింది, పడవని దాని వెనకాల తోలుకెళ్ళా. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. మీ అమ్మ పూలు వేసిన మొదటిసారి చెప్పేద్దామనుకున్నా. రెండోసారి కూడా అనుకున్నా."

ఆయన ఏడవలేదు. ఆయన ఏడ్చి ఉంటే నాకు కొట్టడానికి వీలుగా ఉండేది. పడవ ఒక పెద్ద అల మీదికి లేచింది, పికాసు జారి ఆయన కాలికి తగిలి ఆగింది, ఆయన కాలు తీయలేదు. నాకు ఆయన మీద కోపం పోలేదు, పోదు కూడా, రేపు అమ్మ ముందు నిలబెడతాను, అమ్మ ఏం చేస్తే అది పడాలి. కానీ ఆయనని ఏ మాటతో కొట్టాలన్నా ఆ మాట ముందు నా నోటికే తగులుతోంది. సరిచేయడానికి ఎంత సేపుంది? ఆయనకి ఎంత సేపు ఉండిందో నాకూ అంతే ఉంది. ఈ పాటికి ఆ అమ్మాయి మా పేరు పక్కన సన్యాసి ముక్కు అని రాసుకుని ఉంటుంది. ఈ రేడియో తీరం పొడవునా ప్రతి పడవలో, కాఫీ కొట్లో కూడా మోగుతుంది, ఇవాళ గాలి రోజు కాబట్టి పగడం కొట్టేవాళ్ళందరూ దాని చుట్టూనే కూర్చుని ఉంటారు, అందరి చెవులూ విచ్చుకుని ఉంటాయి. ఈ చోటు ఒకసారి గాలిలోకి వెళితే వారం తిరక్కుండా ఆ చూరు కింద కొమ్మ మిగలదు, ఈ మిట్ట కోసం నాన్న తన పెళ్ళానికీ నాకూ కూడా అబద్ధం చెప్పాడు. మీట నొక్కాను. నొక్కగానే నోరు మళ్ళీ అటే పోబోయింది, స నోట్లోకి వచ్చేసింది, పళ్ళతో పట్టి ఆపాను.

"నేను చెప్పింది తప్పు" అన్నాను. "మేం అక్కడ లేం. రాసుకోండి. కేప్ దీపస్తంభం రెండో కొండ భుజానికి ఆనేదాకా రావాలి. పాత కావలి బురుజు కింద తెల్ల చీలిక ఉంది కదా, అది బురుజుకి సరిగ్గా కిందికి రావాలి. ఆ రెండూ కలిసిన చోట అడుగున మిట్ట ఉంది, తొంభై నాలుగు మీటర్లు, దక్షిణం వైపు చూరు. చూరు కింద వలలో ఒక మనిషున్నాడు. పద్నాలుగేళ్ళ నుంచి ఉన్నాడు. పేరు బకీజియో."

రేడియోలో గరగరమని గాలి శబ్దం. తీరం మీద ఎవరూ కాఫీ కప్పు కూడా కదపడం లేదనిపించింది. ప్రోతో బాబాయి కళ్ళు మూసుకుని, నేను చెప్పిన గురుతులు పెదవులతో తనలో తనే చెప్పుకుంటున్నాడు, సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటున్నట్టు. చివరికి ఆ అమ్మాయి గొంతు సర్దుకుని, క్షమించండి, చోటు ఇంకోసారి చెబుతారా అంది.

ఇంకోసారి చెప్పాను, నెమ్మదిగా, రాసుకునేవాళ్ళు రాసుకునేలా.